మొగిలమ్మ ముద్ర

క్యాసెట్టు టేపు చిక్కుపడితే పెన్సిలుతో చుట్టుకున్న కాలం పోయి, సీడీలు వచ్చి వెళ్ళి, పాట అనేది చేతికందని వస్తువై దూరదేశపు కంపెనీల గిడ్డంగులలో తలదాచుకుంటున్న ఈ రోజులలో, హనుమకొండ చౌరస్తా వెనుక సందులో రాజమౌళి లోకం పారవేసిన పాత కంప్యూటర్లలో లినక్స్ అనే తేలికపాటి ఉచిత వ్యవస్థను ప్రతిష్ఠించి, వాటికి పునర్జన్మనిస్తూ జీవిస్తున్నాడు.

నల్లని తెర, పైన సన్నని పట్టీ, అంతకు మించి ఆ యంత్రాలకు అలంకారం లేదు. వాటిలో ఒకదానిని అతడు పాటల గూడుగా మలిచాడు. ఇంటర్నెట్టుతో అల్లుకున్న ఇటువంటి గూళ్ళు దేశదేశాలలో ఉన్నాయి. ఎవరి గూడు వారిదే. అయినా ఒక గూటి పాటను మరొక గూటివారు వినవచ్చు, తమ దగ్గర నిలుపుకోవచ్చు. యజమాని లేడు, రుసుము లేదు. ఆ లేమియే వీధికి అనుమానహేతువైంది.

"ఫుకట్ల ఎవడిస్తడు? ఏదో మతలబున్నది," అనేవాడు పక్క బట్టల దుకాణం కిషన్ రావు.

ధర్మసాగర్ భజన మండలిలో పాడే చిలుకమ్మ, తన తల్లి మొగిలమ్మ కట్టిన మంగళహారతిని అతని దగ్గర రికార్డు చేయించింది. కట్టినవారి పేరు చివరి చరణంలో ముద్రగా నిలవడం సంప్రదాయం. ఒకనాడు ఆమె మనుమరాలు అక్షర ఫోనులో ఆ హారతిని వినిపించింది. ఊరూ పేరూ తెలియని ఎవరి గూటిలోనో ఉంది. చివరి చరణం లేదు.

మరునాడే ఇద్దరూ దుకాణానికి వచ్చారు.

"నన్ను గన్న అవ్వ పేరు ఎవలకు అమ్మినవ్ బిడ్డా?" అంది చిలుకమ్మ.

"అమ్ముడేంది పెద్దమ్మా? నేను కొయ్యలె. గా గూటోడే కోసిండేమో."

"నువ్వు కొయ్యకపోతివి. వాడు కూడ కొయ్యలేదంటడు. ఎలుక కొరికిందా మరి?"

రాజమౌళి తన దగ్గరున్న మూలప్రతిని తెరిచాడు. అదీ అక్కడికే తెగింది. అతని ముఖం వాడిపోయింది. గుమ్మంలో కిషన్ రావు అర్థవంతంగా దగ్గాడు. దాచమని ఇచ్చిన సొత్తును హరించడం బంగారాన్ని దొంగిలించినంత పాపమని ధర్మశాస్త్రం. ఇక్కడ పోయినది ఒక తల్లి పేరు.

"మళ్ళ పాడు పెద్దమ్మా. నీ ముందట్నే రికార్డు చేస్త."

"పాడుత. కని ఈసారి కండ్లు మూస్కోను. నిన్నే చూస్త."

ఆమె పాడింది. చివరి చరణానికి ముందు కర్పూర జ్యోతిని వర్ణించే చరణం ముగియగానే రాజమౌళి కన్నులు మూసి లేచి, ముందుకు వంగి, ఎదుట హారతి వెలుగుతున్నట్లే రెండు చేతులూ తెరవైపు చాచి కండ్లకద్దుకున్నాడు. మోచేయి కీబోర్డు మీద పొడవాటి మీటను నొక్కింది. తెర మీద కదులుతున్న రికార్డింగు గీత ఆగిపోయింది. అతనికి తెలియనే లేదు.

మొదలుపెట్టిన హారతిని నడుమ ఆపరాదు గనుక, చిలుకమ్మ తల్లి పేరుదాకా పాడి, అప్పుడు నవ్వింది.

"దొంగ దొరికిండు. హారతి తీసుకుంట హారతినే ఆపిండు."

"గంతేనా," అంటూ కిషన్ రావు వెళ్ళిపోయాడు.

అక్షర కీబోర్డును తన ఒడిలో పెట్టుకుంది, చిలుకమ్మ మళ్ళీ మొదటినుంచి పాడింది. ఈసారి పాట మొగిలమ్మ పేరుతో సహా నిండుగా గూటికి చేరింది.

"గా పరాయోడు కూడ మారుస్తడా?"

"అడుగుత పెద్దమ్మా. మార్చుడు నా చేతుల లేదు."

"ఉన్నదున్నట్టు చెప్పినవ్. నిన్ను నమ్ముతాన. వాణ్ని మాత్రం నమ్మ."

రాజమౌళికీ, అతని ఇల్లాలికీ, బిడ్డలకూ సర్వేశ్వరుడు నిండు ఆయువునూ, నింద సోకని నడతనూ, ఆకలితో వచ్చినవారు తృప్తితో వెళ్ళే వాకిలినీ ప్రసాదించుగాక.