ఎన్ని రాత్రులు నానింది?

ఐర్లండ్‌లో కార్క్ నగరం పక్కనున్న రింగాస్కిడీలో మా మందుల ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో పక్కవాళ్ళ డబ్బాలోకి తొంగిచూసే మనిషిని నేనొక్కదాన్నే అనుకునేదాన్ని. ఐరిష్ వాళ్ళు వాన గురించి తప్ప ఏమీ అడగరు. నాకేమో ఎదుటి మనిషి ఊరూ, తోబుట్టువులూ తెలియకపోతే అన్నం సయించదు.

ఒకరోజు పోపు పెట్టిన కర్రపెండలం తింటుంటే, మా ల్యాబ్‌లోనే పనిచేసే కాంగో అమ్మాయి నా డబ్బాలోకి చూసి ఆగిపోయింది.

"ఎన్ని రాత్రులు నానబెట్టావు?" అంది.

"నానబెట్టడమేంటి? తొక్క తీసి ఉడకబెట్టడమే కదా!"

గభాలున డబ్బా లాగేసుకుంది. కార్క్‌లో ఆఫ్రికా కొట్లో కొన్న ఫ్రీజర్ ప్యాకెట్ అని చెప్పాక గానీ తిరిగివ్వలేదు. అది తీపి రకమట. మా పెద్దాపురం వైపు సగ్గుబియ్యం మిల్లులకు బళ్ళకొద్దీ వెళ్ళే దుంప గురించి నాకు ఇంకొకరు చెప్పడమేమిటని రోషం వచ్చింది. అయినా ఆరా తీయకుండా ఉండగలనా?

తూర్పు కాంగోలో వాళ్ళ ఊరు. అక్కడ చేదు రకమే వేస్తారట. పచ్చిది విషం. నాలుగు రాత్రులు నీళ్ళలో నానితే గానీ తినడానికి పనికిరాదు.

"మరి తీపిదే వేసుకోవచ్చుగా?"

"తీపిదైతే తుపాకులవాళ్ళు పీక్కుని అక్కడే తినేసి పోతారు. చేదుదాన్ని నానబెట్టుకుంటూ కూర్చునే ఓపిక వాళ్ళకెక్కడిది?"

ఒక గుంపు పోతే ఇంకో గుంపు, వాళ్ళమ్మమ్మ కాలం నుంచీ ఇంతేనట. చేదుని కాపలా పెట్టుకున్నారు, భలే తెలివి అని మెచ్చుకున్నాను.

ఆమె నవ్వలేదు. "పారిపోయేవాళ్ళకి కూడా నాలుగు రాత్రులు దొరకవు," అంది. సరిగ్గా నానని దుంపతోనే వారాల తరబడి కడుపు నింపుకుంటే పిల్లల కాళ్ళు బిగుసుకుపోతాయట, ఇక మామూలు కావట. వాళ్ళక్క పెద్దకూతురు మునివేళ్ళ మీద, కర్ర పట్టుకుని నడుస్తుంది. ఇప్పుడు వాళ్ళమ్మా, అక్కా మళ్ళీ ఊరొదిలి గుడారాల్లో ఉన్నారు. దొంగచాటుగా వెళ్ళి తమ చేలోనే దుంప తవ్వుకొస్తున్నారు. అక్క చిన్నకూతురికి ఇంకా ఐదేళ్ళు.

నా కారులో ఇంటికి వస్తూ ఆమె రోజూ తల్లికి ఫోన్ చేసేది. భాష రాకపోయినా నా చెవులు అటే ఉండేవి. ఫోన్ కలవగానే ఎప్పుడూ ఒకే ప్రశ్న. మనలాగే తిన్నారా అంటోందనుకున్నాను. ఉండబట్టలేక అడిగేశాను.

"ఎన్ని రాత్రులు నానింది అని," అంది. "కాల్పులు వినపడుతున్నాయా అంటే అమ్మ లేదనే చెబుతుంది. దుంప దగ్గర మాత్రం అబద్ధమాడదు. నీళ్ళలో వేసింది నానేలోపే లేచి పరుగెత్తారంటే, తుపాకులు దగ్గరికొచ్చినట్టే."

చాలా రోజులు జవాబు ఒక రాత్రి, లేదంటే రెండు. ఆమె కంటే ముందు నేనే ఆత్రపడేదాన్ని.

మొన్న శుక్రవారం ఫెర్రీకి వెళ్ళే లారీల వెనక ఇరుక్కుపోయాం. ఫోన్ కలిసింది. జవాబు విని ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఎన్నట?" అన్నాను.

"నాలుగు," అంది.

నాకు ఏడుపొచ్చింది. "చిన్నదాని కాళ్ళెలా ఉన్నాయో అడుగు!" అన్నాను. ఆమె ఏదో చెప్పి స్పీకర్ పెట్టింది. అవతల తల్లి ఎవరినో గట్టిగా కేకేసింది. కాసేపటికి ఓ పిల్ల పరుగెత్తుకొచ్చి, రొప్పుతూ, వాళ్ళ పిన్నిని పిలిచింది.