మూడుతో భాగించని చక్రం

2023 ఆగస్టు. కావలిలో రైల్వే గేటుకు ఇవతల మా సైకిల్ షాపు. సముద్రం పది కిలోమీటర్ల దూరంలో ఉన్నా, దాని ఉప్పుగాలి రోజూ మధ్యాహ్నానికి వచ్చి మా షాపులో కూర్చుంటుంది. టీ తాగదు, డబ్బులివ్వదు, ఇనుమును మాత్రం తినిపోతుంది.

ముందుగా నా గురించి ఒక మాట. తుఫాను నాడు మా షాపు ముందు వేలాడదీసిన టైరు ఎగిరిపోయి కొడవలూరు దగ్గర ఒక గేదె మెడలో పడిందనీ, ఆ గేదె దాంతోనే సంతకు వెళ్ళొచ్చిందనీ నేను చెప్పిన మాట నిజమే. అంటే, చెప్పిన మాట నిజం. ఇలాంటివి పాతికేళ్ళుగా చెబుతున్నందువల్ల మా బజారులో ‘మస్తాను కిలోమీటరు’ అని ఒక కొలత పుట్టింది. నేను ఏ లెక్క చెప్పినా మూడుతో భాగించాలి. వచ్చింది అసలు లెక్క. నవ్వుకోవడానికి బాగానే ఉండేది. ఒక చక్రం దగ్గర మాత్రం ఆ నవ్వు నా మెడకు చుట్టుకుంది.

ఆ చక్రం సువార్త సిస్టరమ్మది. సముద్రం ఒడ్డున ఉన్న ఒక పల్లెలో ఆమె ప్రభుత్వ నర్సు. నలభై నాలుగేళ్ళు. బదిలీపై వెళ్ళిన ఒక డాక్టరు గారు వదిలిపోయిన రోడ్ బైకు మీద, అంటే వంచిన హ్యాండిల్, సన్నని టైర్లు ఉండే వేగపు సైకిల్ మీద, కావలి నుంచి రోజూ డ్యూటీకి వెళ్ళొస్తుంది. అంతకు ముందు సంవత్సరం, కావలి నుంచి చిల్లకూరు దాకా పోయి తిరిగి రావాల్సిన రెండువందల కిలోమీటర్ల రైడ్‌కు పేరిచ్చింది. పదమూడున్నర గంటల్లో ముగించాలి. నెల్లూరు చేరకముందే వెనక చక్రంలో రెండు పుల్లలు తెగాయి. సైకిల్ని రొయ్యల ట్రేల మధ్య పెట్టుకుని ట్రాలీ ఆటోలో ఇంటికొచ్చింది. అప్పటినుంచి పల్లెలో ఆమెకు ‘ఆటో సిస్టరు’ అని పేరు.

ఆ ఆగస్టులో వెనక చక్రం చంకలో పెట్టుకుని వచ్చింది. మళ్ళీ రైడ్‌కు మూడు వారాలే ఉంది.

“మస్తానన్నా, ఈసారి కూడా ఆటోలో వస్తే సైకిలు అమ్మేస్తా. ఒట్టు.”

చక్రం చూశాను. ఇరవై స్పోకుల చక్రం. మేము వాటిని పుల్లలంటాం. నాలుగు తెగాయి. నిప్పిల్ అంటే పుల్లను రిమ్ముకు బిగించే చిన్న మర. అల్యూమినియం నిప్పిళ్ళు ఉప్పుకు పిండిలా రాలుతున్నాయి. వాటి రంధ్రాల చుట్టూ రిమ్ము వెంట్రుకవాసి చీలింది. బాగుచేయడం కాదు, మార్చాల్సిందే.

ఆమె ఫోన్ తీసి ఒక ఫోటో చూపించింది. నల్లగా నిగనిగలాడే లోతైన రిమ్ము, పద్దెనిమిది పుల్లలు, దూదిలా తేలికట.

“అది పందెంరాయుళ్ళకు సిస్టరమ్మా. నీకు ముప్పై రెండు పుల్లలది కట్టిస్తా. డబుల్ వాల్ రిమ్ము, అంటే లోపల రెండు పొరలుంటాయి. స్టీలు పుల్లలు, ఇత్తడి నిప్పిళ్ళు. ఒక పావుకిలో బరువెక్కువ, అంతే. నీ పాత గేరు పళ్ళే దానికి ఎక్కుతాయి. ఒక పుల్ల తెగినా మిగతావి మోస్తాయి. చక్రం తూగి బ్రేకుకు రాసుకోకుండా బ్రేకు లివరు కొంచెం తెరుచుకుని ఇంటికి రావచ్చు. ధర ఆ ఫోటోదానిలో మూడో వంతు. పదివేల కిలోమీటర్లు నిలబడుద్ది.”

“పదివేలు బై మూడు,” అని ఆమె వేళ్ళమీద లెక్కేసింది. “మూడువేల మూడొందలు. అంతేనా అన్నా?”

“ఇది నిజం సిస్టరమ్మా!”

“గేదె కూడా నిజమే అన్నావు గదన్నా. పాత సరుకు ఏదో ఉండాది నీ దగ్గర, నాకు అంటగడతా ఉండావు.”

చక్రం నా దగ్గరే వదిలేసి నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. పాతికేళ్ళలో ఒక్కసారి ఖచ్చితమైన లెక్క చెబితే, దానికీ భాగహారమే.

నిజం చెప్పి నమ్మించడం నాకు రాదని అర్థమైంది. అలవాటు లేని పని. అందుకని మాట్లాడకూడదని నిర్ణయించుకున్నాను. చెప్పిన సరుకు తెచ్చి చక్రం కట్టి, తిప్పి సరిచూసే స్టాండుకెక్కించాను. మూడో రోజు సిస్టరమ్మ వచ్చింది. స్టూలు చూపించాను. మాట లేదు.

“ఏందన్నా, కథ లేదా ఈరోజు?”

తల అడ్డంగా ఊపాను.

“ఒంట్లో బాలేదా?” అంటూ నా చెయ్యి పట్టుకుని నాడి చూసింది. “బాగానే కొట్టుకుంటా ఉండాదే!”

ఆమె రోజూ సైకిల్ వెనక కట్టుకుపోయే మందుల సంచీ ఆరోజు భుజానే ఉంది. అది తీసి, పక్కనున్న పాత పేపర్ల కొట్టులో తూకపు కొక్కేనికి తగిలించాను. ముల్లు తొమ్మిది కిలోలు చూపించింది. ఆమె నవ్వు ఆగింది. చక్రం మోసేది తన బరువే అనుకుంది గానీ ఈ బరువు ఎప్పుడూ లెక్కలోకి తేలేదు.

తర్వాత పాత చక్రం పుల్లల్ని ఒక్కొక్కటీ వేలితో మీటాను. ఒకటి టింగుమంటే ఇంకొకటి టప్పుమంది. కొత్త చక్రం మీటాను. గేరు పళ్ళున్న కుడివైపు అన్నీ ఒకే స్వరం, అంటే ఒకే బిగువు. ఎడమవైపు కాస్త కింది స్వరం, అయినా అన్నీ ఒకటే. రోజూ గుండెలు వినే మనిషి. ఆమే వంగి, చెవి దగ్గర పెట్టి, ముప్పై రెండూ తన చేత్తో మీటుకుంది.

“సరే అన్నా, ఇదే బిగించు,” అంది. “నువ్వు నోరు మూసుకున్నావంటే ఇది నిజంగా పెద్ద విషయమే.”

రైడ్ రోజు సాయంత్రం షాపు తొందరగా మూసి హైవే పక్కన టీ అంగడి దగ్గర నిలబడ్డాను. ఏడున్నరకు గడువు. ఆరున్నరకు ఇద్దరు కుర్రవాళ్ళు వచ్చారు. ఏడు దాటింది. నా కళ్ళు మాత్రం సైకిళ్ళ కోసం కాదు, ట్రాలీ ఆటోల కోసం వెతుకుతున్నాయి. ఏడూ పదికి ఒక దీపం కనిపించింది. సిస్టరమ్మే. వెనక చక్రం కొద్దిగా తూగుతోంది. ముఖమంతా ఉప్పు, దుమ్ము, పళ్ళు.

“వచ్చినానన్నా! తిరిగొచ్చేటప్పుడు పెన్నా వంతెన దాటినాక టప్పుమనింది. ఇంక అయిపోయిందిరా దేవుడా అనుకున్నా. నువ్వన్నావే, బ్రేకు లివరు తెరువమని, తెరిచినా. తెగిన పుల్లను పక్కదానికి చుట్టేసినా. యాభై కిలోమీటర్లు, అన్నా! ముప్పై ఒకటీ మోసినాయి.”

ఊపిరి తీసుకుని, వంగి, ఆ పుల్లను విప్పి నా చేతిలో పెట్టింది. “మిగతావన్నీ మెరుస్తుండాయి. ఇదొక్కటే మసకగా ఉండాది. ఎందుకన్నా?”

నా నాలుక చివర రెండు కథలు సిద్ధంగా ఉన్నాయి. ఒకటి వంతెన మీద అతుకుల గురించి. రెండోది ఇంకా బాగుంటుంది. రెండూ మింగేశాను.

“అది పాతది సిస్టరమ్మా. కుడివైపు పుల్లలు ఎడమవాటికంటే రెండు మిల్లీమీటర్లు పొట్టి. ఆ కొలతలో ఒకటి తక్కువ పడింది. మళ్ళీ తెప్పించడానికి బద్ధకించి, పాత డబ్బాలోది రుద్ది వేసినా. నీకు చెప్పలేదు.”

పాతికేళ్ళలో నేను ఆడిన పెద్ద అబద్ధం అదే. అదీ నోరు మూసుకుని. గేదె మెడలో టైరుతో ఎవరికీ నష్టం లేదు. ఈ పుల్ల ఒక మనిషిని మళ్ళీ రొయ్యల ట్రేల మధ్య కూర్చోబెట్టి ఉండేది.

సిస్టరమ్మ నా రెండో చేతిలోని టీ తీసుకుని తాగేసింది.

“పదివేల కిలోమీటర్లు అన్నావు గదన్నా?”

“అన్నా. రేపు కొత్త పుల్ల వేసి ఇస్తా. అప్పుడు పదివేలు.”

“సరేలే. ఇంక భాగించను.”

ఒక పనివాడికి ఇంతకన్నా పెద్ద బహుమతి ఏముంటుందో నాకు తెలియదు. మన్నించిందని కాదు, లెక్క మార్చుకుందని నేను ఆమెకు రుణపడ్డాను. ఆ తెగిన పుల్లను స్టాండు పైన మేకుకు తగిలించాను. చక్రం కట్టేటప్పుడు ఏది కొత్తదో ఏది పాతదో, అడిగినా అడక్కపోయినా, చెప్పేస్తాను. కథలు మానలేదు. వాటికి షాపు బయట బెంచీ ఉంది. స్టాండు దగ్గర మాత్రం చెప్పను.

ఆ చక్రం ఇప్పటికి ఏడువేల కిలోమీటర్లు దాటింది. మీరూ భాగించనక్కర్లేదు. గేదె విషయం మాత్రం మీ ఇష్టం.