అరగంట కూర్చోబెట్టమని రాయని పుస్తకం

రాష్ట్రం రెండయిన ఏడాది, వానలు మొదలైన రోజుల్లో, రాజాంలో మా జూనియర్ కాలేజీ స్టాఫ్‌రూములో యూనిట్ టెస్టు పేపర్లు దిద్దుకుంటున్నాను. కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది. అవతల గొంతు మగవాడిది, యాభై దాటిన మనిషిలా ఉంది. గరివిడి నుంచి మాట్లాడుతున్నానన్నాడు. మంచం పట్టినవాళ్లకు ఇంట్లో సేవ ఎలా చెయ్యాలో చెప్పే పుస్తకం రాసింది మీరేనా అని అడిగాడు. నేనేనన్నాను.

"రెండేసి గంటలకోసారి పక్కకి తిప్పమని రాసినారు మేడమ్. పడిపోయిన పక్కకి తిప్పితే మా ఇంటిది ఏడుస్తన్నాది. ఆ పక్కన ఎంతసేపు ఉంచమంటారు?"

నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి మొహమాటపడి, డాక్టరుగారిని అడగండి అన్నాను.

"డాక్టర్ని అడిగే ఈలుంటే మీ పుస్తకం ఎందుకు కొంటానమ్మా?"

కోపం లేదు ఆ మాటలో. నిజంగానే అడిగాడు. కనుక్కుని చెబుతానన్నాను.

ఆ పుస్తకం నేను ఎలా రాశానో చెప్పాలి. అంతకు రెండేళ్ల ముందు నా నవల ఒకటి అచ్చయింది. దాని మీద మూడేళ్లు కూర్చున్నాను. మా వైపు ఒక ఉమ్మడి కుటుంబం కథ అది. మంచి మాట అన్నవాళ్లు నలుగురైదుగురు ఉన్నారు గానీ కట్టలు మాత్రం ప్రచురణకర్త గోడౌనులోనే ఉండిపోయాయి. ఆయన విజయవాడ మనిషి, నెమ్మదస్తుడు. ఒకరోజు ఫోన్ చేసి, జనానికి ఇప్పుడు పనికొచ్చే పుస్తకాలు కావాలండీ, మీ తెలుగు తేలిగ్గా ఉంటుంది, రోగుల సేవ మీద ఒకటి రాసిపెట్టండి అన్నాడు. తెలుగు లెక్చరర్ని, నాకేం తెలుసన్నాను. ఇంగ్లీషు నర్సింగ్ పుస్తకాలు రెండు పంపించాడు. వాటిని ముందు పెట్టుకుని దసరా సెలవుల్లో రాసేశాను. నా చేతులతో ఒక్క రోగినైనా పక్కకు తిప్పి ఎరగను. మా అమ్మ ఆసుపత్రిలో ఒక్కరోజులో పోయింది, సేవ చేసే అవసరమే రాలేదు.

గరివిడి ఆయనకు జవాబు చెప్పడానికి మా వీధిలో ఉండే ఒక నర్సమ్మను అడిగాను. పడిపోయిన పక్కన తక్కువసేపు ఉంచాలని, భుజం కింద దిండు పెట్టాలని ఆమె చెప్పింది. అదే ఆయనకు చెప్పాను. ఆ తరవాత వారానికోసారి ఫోన్ చేసేవాడు. అక్కడి ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేసేవాడట. భార్యకు పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయాక పని మానేశాడు. పిల్లలు లేరు. ఇద్దరే. జీవితంలో ఎలక్ట్రికల్ పని నేర్పే పుస్తకం తప్ప వేరే పుస్తకం చదవలేదని, నా పుస్తకం మాత్రం ఆరుసార్లు చదివానని చెప్పాడు. ఇన్నాళ్లకి నా రాత ఎవరికైనా ఉపయోగపడిందని సంతోషంగా ఉండేది. ఆ సంతోషం గురించి ఇప్పుడు తలుచుకోవడం కష్టం.

ఒకసారి ఫోన్ చేసినప్పుడు, పుస్తకం వెనక అట్ట మీద మీ నవల పేరు ఉంది, మా ఇంటిది వేలు పెట్టి చూపించి అది కావాలంటోంది అన్నాడు. ఆమెకు నవలలంటే ప్రాణమట. పెళ్లయిన దగ్గర్నుంచి దొరికిన నవలల్లా చదివేదట, చర్చిలో సండే స్కూలు పిల్లలకు ఆమె చెప్పే కథల కోసం పెద్దవాళ్లు కూడా వెనక బెంచీల్లో కూర్చునేవారట. పోస్టులో పంపితే సరిపోయేది. కానీ నవలను అడిగి మరీ చదివే మనిషిని చూడాలనిపించింది. ఆదివారం చీపురుపల్లి మీదుగా బస్సులో వెళ్లాను.

రెండు గదుల రేకుల ఇల్లు. ముందు గదిలో కిటికీకి ఆనించి మంచం. దుప్పట్లో ఒక్క ముడత లేదు. ఆమె ఒంటి మీద పుండన్నది లేదని ఆయన గొప్పగా చెప్పాడు. మడమల కింద పెట్టిన గుడ్డ చుట్టలు చూపించి, ఇవి మీరు చెప్పినవేనన్నాడు. ఆమె సన్నగా ఉంది. మాట ముద్దగా వచ్చేది, కానీ తొందరపెట్టకుండా వింటే ప్రతి మాటా అర్థమయ్యేది. నవల చేతికి ఇస్తే ఎడమ చేత్తో అట్ట తడిమి, వాసన చూసి, భర్త వైపు తోసింది. ఆమె పుస్తకం పట్టుకోలేదు కాబట్టి మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆయన పైకి చదవాలి. అది వాళ్ల ఒప్పందం.

నెలన్నరకి నవల అయిపోయింది, ఇంటిది మిమ్మల్ని రమ్మంటోంది అని ఫోన్ వచ్చింది. మళ్లీ వెళ్లాను. దారిలో ఆమె ఏమంటుందో అని రకరకాలుగా ఊహించుకున్నాను. అన్నీ మెచ్చుకోళ్లే.

నన్ను మంచం పక్కన కుర్చీలో కూర్చోబెట్టింది. నా నవలలో చివర నాలుగు అధ్యాయాల్లో నాయనమ్మ మంచం పడుతుంది. ఆ మంచం చుట్టూ కొడుకులు, కోడళ్లు ఆస్తి గురించి, పాత తగాదాల గురించి మాట్లాడుకుంటారు. ఆ భాగం నాకు చాలా ఇష్టం. బాగుందన్నవాళ్లందరూ దాన్నే బాగుందన్నారు.

"ముసలామె మంచాన పడ్డాది," అందామె, ఒక్కో మాటా కూడదీసుకుంటూ. "అప్పట్నుంచి మరి మాటాడలేదు. చుట్టూరా అందరూ మాటాడతన్నారు. ఆమె ఏటి సేస్తన్నాది?"

నాయనమ్మకు నోరు పడిపోయిందని సర్దిచెప్పబోయాను.

"నాకూ పడిపోయింది," అందామె. "మరి నాను మాటాడతన్నాను గదా."

నవ్వింది కూడా. నేను నవ్వలేకపోయాను. ఇంకా చెప్పింది. ముసలామె పడుచుగా ఉన్నప్పటి భాగం చాలా బాగుందట, చింతపండు కొట్టే చోటు మళ్లీ చదివించుకుందట. మంచం ఎక్కాక మాత్రం ఆమెను ఒక సామానులా పక్కన పెట్టేశారంది. రోజంతా ఏం చూస్తుంది, ఎవరి అడుగుల చప్పుడు వస్తే ఏమనుకుంటుంది, ఒళ్లు కడిగించుకోవడానికి ఎంత సిగ్గుపడుతుంది, అవేవీ లేవంది. ఆ నాలుగు అధ్యాయాలూ అందుకోసమే ఆత్రంగా విన్నానంది.

నేను బయల్దేరుతుంటే ఆయన వీధి చివరి దాకా వచ్చాడు. ఇంటికి దూరమయ్యాక, రోగుల సేవ మీద నేను రాసిన పుస్తకం గురించి తనకూ ఒక మాట ఉందన్నాడు.

"అన్నీ రాసినారు. కోపమొస్తే ఏటి సెయ్యాలో రాయలేదు. ఒక్కోపాలి నాకు కోపమొచ్చెత్తాది మేడమ్. గట్టిగా తిప్పెత్తాను. అది తెలిసే తిప్పుతాను."

తల వంచుకుని నిలబడ్డాడు. నేను ఏదో ఓదార్పు మాట అని బస్సెక్కాను. బస్సులో మాత్రం ఆయన మాట గురించి ఆలోచించలేదు. ఆమె మాటే గుచ్చుకుంటోంది. నవలంటే ఏమిటో వీళ్లకేం తెలుస్తుందనుకున్నాను. మౌనానికి కూడా అర్థం ఉంటుందని, అది శిల్పమని నాకు నేను చెప్పుకుంటూ రాజాం దాకా వచ్చాను.

తరవాత మూడు వారాలు ఆయన ఫోన్ లేదు. నేనూ చెయ్యలేదు. ఆపైన ఒక ఉదయం విజయనగరం నుంచి చేశాడు. ఆమె ఆసుపత్రిలో ఉంది. జావ తినిపించిన వెంటనే వెల్లకిలా పడుకోబెట్టాడట. అది వెనక్కి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోయింది. జ్వరం, ఆయాసం. డాక్టరు ఈయన్ను వార్డు మధ్యలో నిలబెట్టి తిట్టాడట, తినిపించాక అరగంటైనా కూర్చోబెట్టి ఉంచాలని ఎవరూ చెప్పలేదా అని.

"పుస్తకం మళ్లీ సూసుకున్నాను. తినిపించేటప్పుడు కూకోబెట్టమని ఉన్నాది. తినిపించినాక సంగతి లేదు," అన్నాడు. "మీకు తెల్దా మేడమ్?"

నాకు తెలుసు. నేను రాశాను కూడా. అచ్చుకు వెళ్లే ముందు ప్రచురణకర్త, నాలుగు ఫారాల్లో, అంటే అరవై నాలుగు పేజీల్లో పట్టాలి, ఎనిమిది పేజీలు తగ్గించండి అన్నాడు. ఒక సాయంత్రం కూర్చుని ఎర్ర పెన్నుతో కొట్టేశాను. తినిపించాక అరగంట కూర్చోబెట్టాలన్న పేరా, ఇది ఎవరికైనా తెలిసేదే కదా అనుకుని కొట్టేశాను. ఆ ఎర్ర గీత నాకు కళ్లకు కట్టినట్టు గుర్తుంది.

"అచ్చులో పోయినట్టుంది," అన్నాను ఫోన్లో.

"అలగా," అన్నాడాయన. నమ్మాడు.

ఆమె బతికింది. పన్నెండు రోజుల తరవాత ఇంటికి తీసుకొచ్చారు. ఈలోగా నేను ప్రచురణకర్తకు ఫోన్ చేసి, తప్పు జరిగింది, షాపుల్లో ఉన్న కాపీల్లో ఒక చీటీ పెట్టించండి అన్నాను. రెండో ముద్రణలో చూద్దామండీ అన్నాడు. రెండో ముద్రణ ఎప్పుడని అడిగితే, ఇవి అమ్ముడుపోవాలి కదా అన్నాడు. అంటే ఆ పేరా లేని కాపీలన్నీ ఎవరో ఒకరి మంచం పక్కకు చేరాక అన్నమాట. నేనే జిరాక్సు షాపులో చీటీలు తీయించుకుని, జిగురు సీసా పట్టుకుని షాపులకు తిరిగాను. ముందు రాజాం, తరవాత విజయనగరం, శ్రీకాకుళం.

రాజాంలో పుస్తకాల షాపు సాహుకారు ముందు ఒప్పుకోలేదు. పుస్తకంలో తప్పుందని చీటీ కనబడితే ఎవరు కొంటారమ్మా అన్నాడు. నేను గరివిడి సంగతంతా చెప్పాను. ఆయన విని, కట్ట విప్పించి నా ముందు పెట్టాడు. నేను అంటిస్తుంటే ముప్పై ఏళ్లుగా చూస్తున్నది చెప్పాడు. నవల కొన్నవాళ్లు బాగుంటే ఇంకొకటి కావాలని వస్తారట, బాగోకపోతే మరి రారట. పని నేర్పే పుస్తకాలు కొన్నవాళ్లు పని అయితే రారట, చెడితేనే పుస్తకం పట్టుకుని వస్తారట. "రానోళ్లందరికీ బాగయిందని నానైతే అనుకోను," అన్నాడు. ఆ మాటతో నా చెయ్యి ఆగిపోయింది. అప్పటికే అమ్ముడైన కాపీలు ఎవరి ఇళ్లలో ఉన్నాయో తెలుసుకునే దారి ఆయనకూ లేదు, నాకూ లేదు.

ఆ ఆదివారం గరివిడి వెళ్లి ఇద్దరి ముందూ నిజం చెప్పాను. అచ్చులో పోలేదు, నేనే కొట్టేశానని. ఆయన లేచి వెళ్లి అరుగు మీద నా వైపు వీపు పెట్టి కూర్చున్నాడు. ఆమె నన్నే చూస్తోంది. జబ్బు చేశాక మాట ఇంకా తగ్గింది, వంగి చెవి దగ్గర పెట్టుకుంటే తప్ప వినబడటం లేదు.

"అది తీసేసి ఏది ఉంచినావు?" అని అడిగింది.

నేను చెప్పాను. ముందుమాటలో సేవ గురించి ఒక వాక్యం ఉంది. మంచం మీదున్న మనిషికి మనం అందించే ప్రతి ముద్దా మన చిన్నప్పుడు తిన్న ముద్దకు జవాబు అని. దాన్ని కొట్టెయ్యడానికి మనసొప్పలేదు. ఆమె ఆ వాక్యాన్ని మళ్లీ చెప్పించుకుంది. కళ్లు మూసుకుని విన్నది.

"బాగుంది," అంది. కళ్లు తెరిచి, "కొట్టెయ్యాల్సింది దాన్ని," అంది.

ఆమె మళ్లీ నవల చదివించుకోలేదు. ఎక్కువసేపు వింటే అలిసిపోయేది. నెలకోసారి వెళ్లేదాన్ని. ఆయన నాతో మాట్లాడటానికి చాలాకాలం పట్టింది. కోపం గురించి ఆయన అన్న మాట నన్ను అప్పుడు పట్టుకుంది. అడిగితే మొదట చెప్పలేదు. తరవాత అరుగు మీద కూర్చుని కొద్దికొద్దిగా చెప్పాడు. కోపం ఎప్పుడు వస్తుంది, వచ్చే ముందు చేతులు ఎలా బిగుస్తాయి, అప్పుడు మంచం దగ్గర్నుంచి లేచి బయటి కుళాయి దాకా వెళ్లి వస్తే ఎంత తగ్గుతుంది, వెళ్లలేని రోజు ఏం జరిగింది. అవన్నీ నాలుగు పేజీలు రాసి విజయవాడ పంపాను. రెండో ముద్రణలో కూర్చోబెట్టే పేరా వచ్చింది. ఆ నాలుగు పేజీలు మాత్రం అరపేజీ అయ్యాయి. చదివేవాళ్లకి ఏం చెయ్యాలో చెబితే చాలండీ, ఇవన్నీ నవలలో బాగుంటాయి అన్నాడు ప్రచురణకర్త. నేను పోట్లాడాను గానీ గెలవలేదు.

మరుసటి ఏడాది ఎండాకాలంలో ఆమెకు రెండోసారి పక్షవాతం వచ్చింది. రెండు రోజులుండి పోయింది. నాకు కబురు తెలిసేసరికి చర్చిలో ప్రార్థన, సమాధి అన్నీ అయిపోయాయి. వెళ్లి ఆయన్ని పలకరించాను. మంచం తీసేసిన చోట గచ్చు మీద నాలుగు కోళ్ల గుర్తులు ఉన్నాయి. నన్ను చూసి లేచి కుర్చీ వేశాడు. నా వల్ల ఆమె ఎన్ని నెలలు నష్టపోయిందో, లేక ఏమీ నష్టపోలేదో నాకు తెలియదు. డాక్టరును అడిగితే చెప్పేవాడేమో. అడిగే ధైర్యం రాలేదు.

నెల తరవాత ఫోన్ చేశాడు. కుశలం అడిగాడు. మా కాలేజీ తెరిచారా అని అడిగాడు. ఆ తరవాత నెమ్మదిగా అన్నాడు.

"రెండేసి గంటలకి లెగిసిపోతన్నాను మేడమ్. తిప్పడానికి మనిషి లేదు. దీనికేదైనా పుస్తకం ఉన్నాదా?"

నాకు తెలిసి లేదని చెప్పాను. ఈసారి డాక్టరును అడగమని అనలేదు. మర్నాడు కాలేజీకి సెలవు పెట్టి గరివిడి వెళ్లాను. పొద్దున్న పదింటి నుంచి మధ్యాహ్నం దాకా ఆయన ఆమె గురించి చెబుతూనే ఉన్నాడు. పెళ్లిలో ఆమె కట్టుకున్న చీర రంగు దగ్గర మొదలుపెట్టాడు. నేను కాగితం తీయలేదు. వింటూ కూర్చున్నాను.