వస్తార్లే అన్నాను

నెల్లూరులో మా ఆరోగ్యశాఖ ఆఫీసుకు కొత్తగా వచ్చిన ఆ పిల్లంటే నాకు మొదటి రోజు నుంచే కుళ్ళు. ఏళ్ళ తరబడి లెక్కలు రాస్తున్న నన్ను పక్కన పెట్టి, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షల అంచనా పనిని సారు ఆమెకిచ్చారు. ఊళ్ళలో శిబిరాలు పెడితే ముందుముందు ఎంతమందికి జబ్బు రాకుండా ఆపగలమో కంప్యూటర్లో తేల్చాలి. మొదటి పరీక్షలో తేడా కనిపించినవాళ్ళు రెండోసారి వస్తేనే ఆ అంచనా నిలుస్తుంది.

"అక్కా, మీది విడవలూరు వైపు కదా. రెండోసారి పిలిస్తే వస్తారంటారా?" అని నన్నే అడిగింది.

రెండో పిలుపు సరిగ్గా వరినాట్లలో పడుతుంది. నాట్లేసే కూలీల ముఠాలో ఒప్పుకున్న మనిషి ఒక్క పూట మానినా ఆ పంటకాలమంతా ముఠాలో చోటు పోతుంది. ఇది నాకు బాగా తెలుసు. చెబితే అంచనా సరవుతుంది, పేరు ఆమెకొస్తుంది.

"వస్తార్లే" అన్నాను.

అందరూ వస్తారనుకుని ఆమె వేసిన అంచనా చూడ్డానికి ఘనంగా ఉంది. మీటింగులో సారు మెచ్చుకుంటుంటే ఓర్వలేకపోయాను.

తర్వాత విడవలూరులో పెట్టిన మొదటి శిబిరంలో తేడా కనిపించినవాళ్ళలో మా వదిన కూడా ఉంది. రెండో పిలుపుకు రమ్మని ఫోన్ చేశాను.

"ముఠాలో మాటిచ్చినాను గదమ్మా. నాట్లు అయినాక చూస్తాంలే" అంది.

తేదీ మార్చమని ఆ పిల్లకు చెప్పొచ్చు. చెబితే నాకు ముందే తెలుసని బయటపడుతుంది. నోరు మూసుకున్నాను. ఆ రోజు వదిన రాలేదు, దాదాపు ఎవరూ రాలేదు.

ఆ పిల్ల బస్సెక్కి విడవలూరు పోయింది. గట్టు మీద నిలబడి ముఠా పెద్దామెతో మాట్లాడి, ఒక పొలం ముగించి ఇంకో పొలానికి మారే రోజు చూసుకుని అందరినీ ఆటోల్లో ఆస్పత్రికి తెచ్చింది. వదినకు అప్పుడే చికిత్స చేశారు. ఇంకా ఆలస్యమైతే ముదిరేదని డాక్టరమ్మ అన్నారు. వదిన ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుంటే, సిగ్గులేకుండా అప్పుడూ కుళ్ళుకున్నాను.

"మీకూ తెలియదు కదక్కా, బాధపడకండి. అంచనాలో నాట్ల నెలను వేరుగా వేసి ఉండాల్సింది" అని నన్ను ఓదార్చింది.

వదిన నవ్వింది. "ఆమెకు తెలీకపోవడమేంది పాపా? పెండ్లికి ముందు మా ముఠాలోనే గదా నాట్లేసింది."

ఆ పిల్ల నా వైపు చూసింది. ఇప్పుడు ఊరి సంగతి ఏది కావాలన్నా, పక్క కుర్చీలో నేనుండగానే, వదినకు ఫోన్ చేసి అడుగుతుంది.