విప్పని పెడల్

మా ఉస్తాద్ పోయారని మొన్న శుక్రవారం ఫోన్ వచ్చింది. పెళ్లి ప్రోగ్రాం కోసం తొర్రూరు బస్సులో ఉన్నాను. ఇంజన్ మోతలో ఆయన భార్య మాట వినపడక రెండుసార్లు చెప్పించుకున్నాను. పాపం, చాచీ రెండోసారి కూడా ఓపికగా చెప్పింది. ఆ ఓపిక గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

వరంగల్ స్టేషన్ దగ్గరి సందులో ఆయనది ఆంప్లిఫయర్లు బాగుచేసే దుకాణం. గిటార్ వాయించే మాబోటి నలుగురైదుగురికి మాత్రం ఆయన ఓవర్‌డ్రైవ్ పెడల్ ఉస్తాద్. కాలితో నొక్కితే గిటార్ గొంతును గరుకెక్కించే చిన్న ఇనప డబ్బా అది. లోపల ఒక చిప్పు, రెండు డయోడ్లు మారిస్తే గొంతే మారిపోతుందని ఇంటర్నెట్‌లో అందరూ ఒట్టేసి చెబుతారు. ఆ మార్పులు చేసిపెట్టేది ఆయనే. చేసేవారు గాని, అంత తేలిగ్గా నమ్మేవారు కాదు.

కాలేజీ రోజుల్లో మొదటిసారి వెళ్లాను. నా పెడల్ తీసుకుని పరదా వెనక్కి వెళ్లారు. టంకం పొగ వాసన వచ్చింది. తిరిగొచ్చి నన్ను గోడవైపు తిరిగి కూర్చోమన్నారు. గిటార్ తానే మీటి, మారిందా అని అడిగారు. చాలా మారిందన్నాను. వెచ్చగా ఉందని, నిండుగా ఉందని చదివిన ముక్కలన్నీ అప్పజెప్పాను. ఆయన పెడల్ బోర్లించి చూపించారు. నాలుగు మరల మీద దుమ్మైనా కదలలేదు. ఊరికే టంకం కరిగించి పొగ రప్పించారు, అంతే.

“చెవి అబద్ధమాడదు బేటా, నోరే ఆడ్తది,” అన్నారు.

వచ్చిన ప్రతివాడికీ ముందు ఆ పొగ పరీక్ష, తర్వాతే అసలు పని. పనయ్యాక మళ్లీ గోడవైపు. మార్చిన పెడల్‌నూ మార్చనిదాన్నీ వరస చెప్పకుండా పదిసార్లు వినిపించేవారు. గుర్తుపట్టలేకపోతే కొత్త సామాను ఊడదీసి పాతదే అతికి ఇచ్చేవారు. వినపడని పని తన చేతి మీద ఉండొద్దనేవారు. కొందరు అలిగి హైదరాబాద్ పోయారు. అక్కడ పరీక్షలు లేవట.

నేను ఆయన దగ్గరే ఉండిపోయాను. తెలియకపోతే తెలియదనడం ఆ గోడ దగ్గరే నేర్చుకున్నాను. ఇవాళ పిల్లలకు గిటార్ నేర్పుకుని బతుకుతున్నానంటే ఆ చలవే. నేను నిజం చెప్పిన రోజు ఆయన తన చాయ్ సగం సాసర్లో పోసి ఇచ్చేవారు. అది తప్ప ఆయన నోట మెప్పు అంటూ నేనెరగను.

ఏళ్ల తరబడి స్పీకర్లకు చెవి ఆనించీ ఆనించీ ఆయనకు వినికిడి చాలావరకు పోయింది. దవాఖానలో ఇచ్చిన మిషన్ కూతపెట్టడానికే పనికొచ్చింది. పోయిన వానాకాలం నన్ను పిలిపించి, నేను కొత్తగా కొన్న పెడల్‌కు డయోడ్లు మారుస్తానన్నారు.

“నాకు ఫరక్ తెలుస్తలేదు బేటా. ఇగ నీ చెవి మీద దుకాణం నడుపుదామనుకుంటున్న. ఉన్నదున్నట్టు చెప్పు.”

ముందోసారి మీటి, పరదా వెనక్కి వెళ్లారు. పొగ వాసన వచ్చింది. తిరిగొచ్చి మళ్లీ మీటారు. ఏ తేడా లేదు. తీగ మీద ఆయన వేలు వణకడం మాత్రం వినపడింది. మారలేదంటే ఈ మనిషి ఏమైపోతాడో అనిపించింది. అన్నేళ్ల తర్వాత ఆ పరీక్ష నాకు మళ్లీ పెడతారని తట్టనే లేదు.

“మారింది ఉస్తాద్. గొంతు జర లావైంది,” అని ఆయనకు వినపడేట్టు గట్టిగా అన్నాను, గోడను చూస్తూనే.

“అచ్ఛా,” అన్నారు. సోల్డరింగ్ ఐరన్ తీగ పీకి చుట్టేశారు. పెడల్ తన దగ్గరే ఉండనియ్యమన్నారు. చాయ్ వస్తే మొత్తం తానే తాగారు. సంతోషంలో మరిచిపోయారనుకున్నాను. నెల తిరక్కుండా దుకాణం ఖాళీ చేశారు. చెవుడు ముదిరిందన్నారు అందరూ. నేనూ అదే అన్నాను.

మూడోనాటి ఫాతెహా ప్రార్థన అయ్యాక చాచీ గుడ్డలో చుట్టిన నా పెడల్ తెచ్చి ఇచ్చింది. “ఎవ్వరినీ ముట్టనియ్యలే. నీ చేతికే ఇయ్యమన్నరు,” అంది.

ఇంటికొచ్చి మరలు విప్పాను. ఒకసారి ఊడదీసి అతికిన చోట ఎంత మంచి చేతి పనికైనా మచ్చ మిగులుతుంది. అక్కడ మచ్చ లేదు. కంపెనీ డయోడ్లు కంపెనీ అతుకుల్లోనే ఉన్నాయి. ఆసరా చేసుకోబోయే చెవి నిజం చెబుతుందో లేదో చూసుకున్నారాయన. మారలేదని ఒక్క మాట అంటే దుకాణం నిలిచేది. నేను జాలిపడ్డాను. ఆ జాలితోనే ఆయనకు మిగిలిన ఒక్క చెవినీ పోగొట్టాను.

ఖబ్రస్తాన్‌లో ఆయన సమాధి దగ్గరికి వెళ్లి, మారలేదు ఉస్తాద్ అని చెప్పి వచ్చాను. చెప్పినందువల్ల ఏమీ తేలికపడలేదు.

పెడల్ మళ్లీ బిగించలేదు. కిటికీ గట్టు మీద మూత తీసే ఉంది, పక్కన నాలుగు మరలు. పొద్దున ఎండ పడినప్పుడు ఆ అతుకులు ఎవరి చెయ్యీ తగలనట్టు కొత్తగా మెరుస్తున్నాయి.