మూడో ఇంటి మగ్గం

దయ్యాల కథలు చిన్నప్పుడు ఇష్టంగానే విన్నాను గానీ, వాటిని నమ్మిన రోజు ఒక్కటీ లేదు. ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు చెప్పి బతికినదాన్ని. మా పెదనాన్నగారు ఈ విషయంలో నాకంటే గట్టి మనిషి. గాలి సోకిందని ఎవరినైనా తీసుకొస్తే ముందు స్టెతస్కోపు పెట్టి విని, తర్వాతే మిగతా సంగతి మాట్లాడేవారు. ఆయన పోయిన రోజున నాకు జరిగినది ఇన్నాళ్లూ ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

పెదనాన్నగారు మద్రాసులో గుండె జబ్బుల డాక్టరు. పంతొమ్మిది వందల యాభైల చివర్లో రిటైరై చీరాల వచ్చి, నేతవాళ్ల వీధిలో ఇల్లు తీసుకున్నారు. పెద్దమ్మ అప్పటికే లేదు. నేను ఆయన దగ్గరే ఉండేదాన్ని. మగ్గాల చప్పుడుకి ఆయనకు నిద్ర పట్టదేమోనని భయపడ్డాను. ఆయనకు అదే నచ్చింది. మధ్యాహ్నం భోజనం చేసి, వరండాలో పడక కుర్చీలో కళ్లు మూసుకుని వినేవారు. నిద్రపోయారనుకుంటే, వేళ్లు కుర్చీ చేతి మీద కదులుతూ ఉండేవి.

ఒకరోజు, "ఎదురు వరసలో మూడో ఇల్లు ఎవరిదమ్మాయ్?" అని అడిగారు.

వీరరాఘవులు అనే అతనిదని చెప్పాను.

"పన్నెండు దెబ్బలు వేసి ఆగుతున్నాడు. మళ్లీ పన్నెండు. దారం తెగితే అలా లెక్కగా తెగదు. ఒకసారి పిలిపించు."

వీరరాఘవులు భుజం మీది తువ్వాలు చంకలో పెట్టుకుని వచ్చాడు. "మా మగ్గం చప్పుడెక్కువైందాండీ?"

"చప్పుడుతో నాకు పేచీ లేదయ్యా. మధ్యలో ఎందుకు ఆగుతున్నావు?"

"ఊపిరి తీసుకోవాలి గదండీ."

"మిగతావాళ్లు ఆగకుండానే తీసుకుంటున్నారుగా."

వెనకాలే వచ్చిన అతని భార్య నాంచారమ్మ, "అట్లా అడగండి బాబుగారూ. నేను సోమరితనమన్నానని నాలుగు రోజులు మాట్లాడటం మానేశాడు," అంది.

పెదనాన్నగారు స్టెతస్కోపు బిళ్లని అరచేతిలో కాసేపు పెట్టుకుని, వెచ్చబడ్డాక అతని ఛాతీకి ఆనించారు. ఎవరికైనా అలాగే చేసేవారు. చిన్నప్పుడు కీళ్ల జ్వరం వచ్చి గుండెలో కవాటం చెడిందని తేల్చారు. మద్రాసు నుంచి డిజిటాలిస్ మాత్రలు తెప్పించారు. సీసా చేతికిస్తే ఆయాసం ఎక్కువైన రోజున వీరరాఘవులు రెండేసి మింగుతున్నాడని తెలిసి, వారానికి సరిపడా పొట్లం కట్టి ఇచ్చే పని నాకు అప్పగించారు. రెండేళ్లు అలా నడిచింది. మగ్గం పన్నెండు దాటి ఇరవై దాకా వెళ్లిన రోజులున్నాయి. ఆ రోజుల్లో ఆయన సాయంత్రం దాకా హుషారుగా ఉండేవారు.

తర్వాత ఆయనే మంచాన పడ్డారు. పది రోజులు. నేను స్కూలుకు సెలవు పెట్టి ఆయన పక్కనే ఉన్నాను. పొట్లం సంగతి పూర్తిగా మరిచిపోయాను. నాంచారమ్మ రోజూ గుమ్మం దాకా వచ్చి పెద్దాయనకు ఎలా ఉందని అడిగి వెళ్లేది. మందు మాట ఎత్తలేదు. అటువంటి ఇంట్లో మా మందు మాకివ్వండని ఎలా అడుగుతామని అనుకుందట.

పోవడానికి రెండు రోజుల ముందు ఆయన కళ్లు తెరిచి, "మూడో ఇల్లు వినపడటం లేదు. చూసి రా," అన్నారు.

నేను ఆయన నుదురు తుడుస్తూ, "ఇవాళ అమావాస్య. మగ్గం ఎక్కరు," అన్నాను.

అమావాస్య కాదు. మిగతా మగ్గాలన్నీ ఆడుతూనే ఉన్నాయి. అవి ఆయనకూ వినపడుతూనే ఉండాలి. నా వైపు ఒకసారి చూసి కళ్లు మూసుకున్నారు.

ఆ వీధిలో ఎవరు పోయినా, మగవాళ్లు శ్మశానం నుంచి తిరిగొచ్చి స్నానాలు చేసేదాకా ఎవరూ మగ్గం ముట్టరు. పెదనాన్నగారు నేతవాడు కాకపోయినా ఆయనకూ ఆ మర్యాద చేశారు. మధ్యాహ్నం పన్నెండు దాటింది. మేము ఆడవాళ్లం స్నానాలు చేసి ముందు గదిలో కూర్చున్నాం. నాంచారమ్మ కూడా వచ్చి గోడ దగ్గర కూర్చుంది. వీధి అంత నిశ్శబ్దంగా ఉండటం నేను ఎప్పుడూ ఎరగను.

అప్పుడు మగ్గం వినిపించింది. ఎదురు వరసలోంచి. నాకు తెలియకుండానే లెక్కపెట్టాను. పన్నెండు దెబ్బలు, ఆగింది. మళ్లీ పన్నెండు.

నాకు కోపం వచ్చింది. "ఈ ఒక్క పూట ఆపలేకపోయాడా మీ ఆయన?" అన్నాను నాంచారమ్మతో.

"ఏం ఆపాలమ్మా?"

"మగ్గం."

"మగ్గం ఎక్కి వారమైంది టీచరమ్మా. కాళ్లు వాచి మగ్గం గుంటలోకి దిగలేకపోతున్నాడు. అందుకేగా సాగనంపడానికి కూడా పోలేదు."

మిగతావాళ్లని అడిగాను. ఎవరికీ ఏమీ వినపడటం లేదు. ఒక పెద్దావిడ నా వీపు నిమిరి, కాస్త పడుకోమంది. మగ్గం మళ్లీ మొదలైంది. ఈసారి ఎనిమిది దగ్గర ఆగింది. మళ్లీ మొదలు కాలేదు.

నేను లేచి నడిచాను. నాంచారమ్మ నా వెనక పరుగెత్తింది. వాళ్ల గడప దగ్గర ఆగిపోయాను. మైలలో ఉన్నదాన్ని, మగ్గం ఉన్న ఇంట్లో అడుగు పెట్టకూడదు. నాంచారమ్మకి నా సందేహం అర్థమైంది. "రండమ్మా, తర్వాత పసుపునీళ్లు చల్లుకుంటాలే," అంది.

మగ్గం మీద పాత చీర కప్పి ఉంది. ఆ చీర మీద పిల్లి పడుకుని నిద్రపోతోంది. పోగుల మధ్య దారం ఆడించే నాడె గోడ గూట్లో ఉంది. ఇవి మూడూ నేను కళ్లారా చూశాను.

వీరరాఘవులు వెనక వసారాలో నిట్రాట స్తంభానికి ఒరిగి ఉన్నాడు. పెదవులు నల్లబడ్డాయి. పిలిస్తే కళ్లు తెరిచాడు గానీ మాట రాలేదు. పెదనాన్నగారు చేయగా చూసినట్టే, పడుకోబెట్టకుండా వీపుకి దిండ్లు పెట్టి కూర్చోబెట్టాను. జట్కా పిలిపించి, మా ఇంట్లోంచి మాత్రల సీసా తీసుకుని మిషను ఆసుపత్రికి తీసుకెళ్లాం. అక్కడి డాక్టరు సీసా చూసి, ఈ మందు ఎందుకు మానేశాడని అడిగారు.

"నేనే మాన్పించాను," అని చెప్పాను.

వీరరాఘవులు బతికాడు. మరో ఆరేళ్లు, కూర్చుని చేసే చిన్న చిన్న పనులు చేసుకుంటూ బతికాడు. ప్రతి సోమవారం పొట్లం నేనే పట్టుకెళ్లి ఇచ్చేదాన్ని. "పెద్దాయన పోతూ పోతూ కూడా నన్ను వదల్లేదు," అని అందరితో అనేవాడు. నేను అవుననలేదు, కాదనలేదు.

పది రోజులు నిద్ర లేనిదాన్ని. మనసులో తప్పు చేశానని ఉంది. చెవి ఆ చప్పుడు కల్పించుకుని ఉండవచ్చు. ఇంకొకరు చెబితే నేనూ ఆ మాటే అందును. కానీ నా చెవికి అలవాటైన లెక్క పన్నెండు. కల్పించుకుంటే అదే కల్పించుకోవాలి. ఎనిమిది దగ్గర ఎందుకు ఆగిందో నాకు ఇప్పటికీ తెలియదు.

మధ్యాహ్నాలు ఇప్పుడు నేనే ఆ వరండాలో కూర్చుంటాను. ఏ మగ్గమైనా ఉన్నట్టుండి వినిపించడం మానేస్తే, అమావాస్య అని సర్దిచెప్పుకోను. లేచి వెళ్లి చూసి వస్తాను.