ఏం పాపం జేసింది నా మనుమరాలు?

నా చిన్నప్పుడు నన్ను చూసి ఎవరైనా "అయ్యో పాపం" అంటే మా అవ్వకు అరికాలి మంట నెత్తికెక్కేది. ఆమె నాకు ఇచ్చిపోయిన ఆస్తి ఏదైనా ఉందంటే అది ఆ కోపమే. ముప్పై ఏళ్ళు దేశాలు పట్టుకు తిరిగాను. యుద్ధాలకు, వరదలకు ఇల్లూ వాకిలీ వదిలి వచ్చిన వాళ్ళ గుడారాల మధ్య పనిచేశాను. ఇప్పుడు మేడ్చల్‌లో ఇంటిపట్టున కూర్చున్నా ఆ కోపం తగ్గలేదు. తగ్గించుకునే ఉద్దేశం కూడా నాకు లేదు.

మా ఊరు లాల్‌గడి మలక్‌పేట్ పక్కనే. అమ్మ, నాయిన జీడిమెట్లలో పనికి పోయి అక్కడే ఉండేవాళ్ళు. ఆదివారం చర్చి వేళకు వచ్చి సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయేవాళ్ళు. నేను అవ్వ దగ్గరే పెరిగాను. అవ్వ నాట్లకూ కలుపులకూ కూలికి పోయేది. మా ఊరి బడి ఐదో తరగతితో సరి. ఆ పైన చదవాలంటే పట్నంలోనో మేడ్చల్‌లోనో హాస్టల్లో ఉండాలి, లేదంటే అవ్వ వెనకాల బురదలో దిగాలి. రోజూ రాత్రి అవ్వ నడుము తొక్కేదాన్ని నేనే కాబట్టి, ఆ బురద సంగతి నాకు బాగా తెలుసు. నాకు హాస్టలే కావాలి.

నేను ఐదో తరగతి పాసైన ఏడాది, విదేశాల నుంచి సాయం తెచ్చే ఒక సంస్థ వాళ్ళు, మా చర్చి పిల్లల్లో కొందరిని పట్నం హాస్టల్లో ఉంచి చదివిస్తామన్నారు. పేర్లు రాసుకునే ఆయన్ని మేమంతా లిస్టు సారు అనేవాళ్ళం. ఆయన లిస్టులో నా పేరు ఎక్కింది. ఇక ఫోటో ఒక్కటే మిగిలింది. ఆ ఫోటో సముద్రాల అవతల ఎవరి ఇంటికో పోతుంది, వాళ్ళు చూసి సరేనంటే సీటు ఖాయం.

ఫోటోకు ముందురోజు సారు ఇంటింటికీ తిరిగాడు. పిల్లల తలకు నూనె పెట్టొద్దన్నాడు. పాత గౌనే తొడగాలన్నాడు, చిరిగింది ఉంటే మరీ మంచిదన్నాడు. పక్కింటి అక్క పడీపడీ నవ్వింది. "గంత దూరం నుంచి జూస్తరు గద అవ్వా, శినుగు జర పెద్దగ ఉండాలె" అంది. అవ్వ మాత్రం నవ్వలేదు.

తెల్లారి నేను లేచేసరికి మా ట్రంకుపెట్టె తెరిచి ఉంది. మా ఇళ్ళలో కొత్త బట్టలు ఏడాదికొక్కసారి, క్రిస్మస్‌కే. పండగ కాగానే అవి కలరా ఉండల మధ్య పెట్టెలోకి పోయేవి. అవ్వ నా క్రిస్మస్ గౌను బయటికి తీసింది. పసుపు రంగుది, బుట్ట చేతులది, పక్కింటి అక్క కుట్టింది. తల నిండా నూనె పట్టించి, కళ్ళు పైకి గుంజుకుపోయేంత బిగించి రెండు జడలు వేసింది. సారు తిడతాడని, సీటు పోతుందని నేను ఏడుస్తూనే ఉన్నాను. అవ్వ నా ముక్కు తుడిచి, "నడువు" అంది.

చర్చి ముందు పిల్లలందరినీ వరసగా నిలబెట్టారు. దుమ్ము తలలు, చిరుగుల చొక్కాలు. అందరి చేతుల్లో పలకలు, పలకల మీద సుద్దతో నంబర్లు. నాకిచ్చిన పలక మీద ఇరవై మూడు అని ఉంది. నన్ను చూడగానే లిస్టు సారు మొహం మాడిపోయింది.

"ఏందవ్వా గిది? నేనేం జెప్పిన, నువ్వేం జేసినవ్? గిట్ల పెండ్లి పిల్ల లెక్క తయారుజేస్తే ఎవలు సాయం జేస్తరు?"

"శినిగింది తొడిగి ఏనాడు చర్చికి రాలే సారూ. ఇయ్యాలెందుకొస్తం?" అంది అవ్వ.

అప్పుడే ఫోటోలు తీయడానికి ఆ సంస్థ పంపిన తెల్లదొరసాని మా దగ్గరికి వచ్చింది. ఎండకు కందిపోయిన మొహం, మెడలో కెమెరా. ఆమె మంచిదే, అది చెప్పకపోతే తప్పు. తెలుగు బైబిల్ దగ్గర పెట్టుకుని మన భాష నేర్చుకుంది. అందుకే "నీవు ఎచ్చట నివసించుచున్నావు?" అని అడిగేది, మేం నోటికి చేతులు అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళం. మా అమ్మా నాయినా నా దగ్గర ఉండరని సారు చెప్పగానే ఆమె కళ్ళు చెమర్చాయి. వంగి నా బుగ్గ నిమిరి, "అయ్యో, పాపం" అంది.

అవ్వ నన్ను వెనక్కి లాగింది.

"ఏం పాపం జేసింది నా మనుమరాలు? జెప్పుండ్రి దొరసానమ్మా. అబద్ధమాడిందా, దొంగతనం జేసిందా?"

దొరసాని బిత్తరపోయింది. బైబిల్లో చదివిన పాపమే ఆమెకు మొదట తెలిసిన పాపం. జాలిపడేటప్పుడు అనే పాపం ఈమధ్యే ఎవరి నోటినుంచో పట్టుకుంది. ఇప్పుడు ఒక చిన్నపిల్లను పట్టుకుని పాపాత్మురాలు అన్నానా అని ఆమె గుండె జారిపోయింది. లిస్టు సారు మధ్యలో దూరి, అది వేరే పాపం అవ్వా అని సర్దబోయాడు.

"మా అయ్యగారు చర్చిల ఆదివారం ఆదివారం జెప్పే పాపం ఒక్కటే నాకెర్క. ఇంకోటి మా ఇంట్ల లేదు" అంది అవ్వ.

అవ్వకు రెండోదీ తెలుసు. రోజుకు పదిసార్లు కోడిపిల్లనూ లేగదూడనూ చూసి తనే అనేది. తెలిసి తెలియనట్టు అడగడంలో మా అవ్వను మించినవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు.

దొరసాని చేతులు జోడించి, "మరి నేనేమని పలుకవలెను?" అని అడిగింది.

"పేరడుగుండ్రి. దానికో పేరున్నది."

అని, అవ్వ నా చేతిలో పలక లాక్కుని, కొంగు తడిచేసి ఇరవై మూడును తుడిచేసింది. సుద్దముక్క నా చేతిలో పెట్టింది. నేను సారు వైపు ఒక కన్ను వేసి నా పేరు రాశాను. ఆ భయంలో ఒత్తు మర్చిపోయాను. దొరసాని ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని, ఒత్తు లేకుండా, ఉన్నది ఉన్నట్టు చదివింది. నా పేరు అంత వింతగా ఎవరూ పలకలేదు. నాకు నవ్వు ఆగలేదు. సరిగ్గా అప్పుడే కెమెరా టక్కుమంది.

సీటు రాలేదు. నెల తర్వాత వచ్చిన పేర్లలో నాది లేదు. నవ్వే పిల్లను ఎవరు చదివిస్తారని లిస్టు సారు ఊరంతా చెప్పాడు. నేను అవ్వతో మాట్లాడడం మానేశాను. నా బతుకు పాడుచేశావని ఒకసారి మొహం మీదే అన్నాను. ఆ మాట ఇప్పటికీ నన్ను కోస్తుంది. అవ్వ మాత్రం నాట్లు ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో కూలి మానుకుని, అదే పసుపు గౌను తొడిగి నన్ను మేడ్చల్ సర్కారు హాస్టల్‌కు తీసుకుపోయింది. ఖాళీ లేదన్నారు. మర్నాడూ పోయాం, ఆ మర్నాడూ పోయాం. నాలుగో రోజు వార్డెనమ్మ విసిగిపోయి రిజిస్టరు తెరిచి, "నీ పేరేంటే పిల్లా?" అంది. అవ్వ నా వైపు చూసిన చూపు నాకింకా గుర్తుంది.

అక్కడి నుంచి చదువుకుని, సామాజిక సేవలో డిగ్రీ తెచ్చుకుని, విమానం ఎక్కాను. నేనేదో మొదటినుంచీ గొప్పదాన్నని అనుకోవద్దు. మొదటి శిబిరంలో, ఒక ముసలామె గుడారం ముందు నిలబడి, వాళ్ళ భాషలో అప్పుడే నేర్చుకున్న జాలిమాట ఒకటి అన్నాను. ఆమె మొహం తిప్పుకుంది. ఆ మొహంలో నాకు మా అవ్వ కోపమే కనిపించింది. సిగ్గుతో చచ్చిపోయాను. మర్నాడు వెళ్ళి పేరు అడిగాను. చెప్పింది. నేను తప్పుగా పలికితే నవ్వింది. ఆ తర్వాత ఏ దేశంలోనైనా నా పని అక్కడి నుంచే మొదలుపెట్టాను. ఏడిపించే ఫోటోలు పంపనన్నందుకు పైవాళ్ళు నన్ను మొండిదన్నారు, ఒకచోట పెద్ద పోస్టు కూడా పోయింది. పోతే పోయింది.

మొన్న దుండిగల్ వైపు నుంచి ఒకమ్మాయి షేర్ ఆటో పట్టుకుని నన్ను వెతుక్కుంటూ వచ్చింది. తనకూ బయటి దేశాల్లో ఈ పనే చెయ్యాలని ఉందట. ఫోన్‌లో ఒక ఫోటో చూపించింది. ఇటుక బట్టీ దగ్గర ఒక పాపను ఎత్తుకుని, పాప చేతిలో బిస్కెట్ పాకెట్ పెట్టి దిగింది.

"గీ ఫోటో అప్లికేషన్‌ల పెడితే మంచిగుంటదా మేడం?"

"పేరేంది?" అన్నాను.

"ఎవరిది మేడం?"

ఫోన్ తిరిగి ఆమె చేతిలో పెట్టాను. "పోయి అడిగి రా. దానికో పేరున్నది" అన్నాను. ఆ గొంతు నాది కాదు. అమ్మాయి చిన్నబుచ్చుకుని వెళ్ళింది. మళ్ళీ వస్తుందో రాదో తెలియదు. వస్తే నాకు తెలిసిందంతా నేర్పుతాను.

దొరసాని ఆ ఫోటోను పోస్టులో అవ్వకు పంపింది. వెనకాల వంకర అక్షరాలతో నా పేరు రాసింది, ఒత్తు లేకుండానే. ఇప్పుడది మా ముందుగది గోడకు ఉంది. నలుపు తెలుపు ఫోటో కాబట్టి గౌను పసుపని నాకొక్కదానికే తెలుసు. నూనె జడలు, బుట్ట చేతులు, తప్పుల పలక, నోరంతా తెరిచి నవ్వే పిల్ల. ఆ పిల్లను చూసి ఎవరినైనా పాపం అనమనండి, చూస్తాను.